ఏప్రిల్లో మోవర్ ఎందుకు మొరాయిస్తుంది?

ఏప్రిల్ రెండో శనివారం. ఒహాయోలో చలి ఇంకా పూర్తిగా పోలేదు, గడ్డి మాత్రం ఆగలేదు. వారం రోజులు వాన పడి ఎండ కాసేసరికి ఇంటి ముందు గడ్డి చీలమండ దాటింది. పక్కింటాయన అప్పటికే ఒక కోత కోసేశాడు. గరాజులో మూలనున్న లాన్ మోవర్‌ని బయటికి లాక్కొచ్చి తాడు పట్టి లాగాను. ఒకటి, రెండు, ఐదు, పదిహేను. భుజం పట్టేసింది గానీ ఇంజన్ ఒక్కసారి కూడా దగ్గలేదు. నవంబరులో ఆపినప్పుడు బ్రహ్మాండంగా నడిచింది. ఐదు నెలలుగా ఎవరూ ముట్టుకోలేదు. మరి ఎలా పాడైంది?

ముట్టుకోకపోవడం వల్లే పాడైంది. కారైనా బైకైనా తిప్పేకొద్దీ అరుగుతుంది. మోవర్ తిప్పడం కంటే మూల పెట్టడం వల్లే ఎక్కువ చెడుతుంది. ఇది తెలియక మొదటిసారి నేను దాన్ని ఒక రిపేరు షాపులో ఇచ్చాను. ఏప్రిల్లో ఊరంతా అక్కడే ఉంటుంది కదా, మూడు వారాలకు తిరిగొచ్చింది. 90 డాలర్లు పోయాయి, ఈలోగా గడ్డి పెరిగిందని హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్ల ఉత్తరమూ వచ్చింది. బిల్లు మీద రాసిన పని ఒక్కటే: పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి అందించే కార్బొరేటర్‌ని శుభ్రం చేయడం. పానా, స్ప్రే డబ్బా ఉంటే ఆ పని గరాజులో గంటలో అయిపోతుందని మరుసటి ఏడాది తెలిసింది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ గ్యాస్ మోవర్ అంటే సిలిండర్ తగిలించి నడిపేది కాదు. గ్యాసొలిన్‌ని అమెరికాలో కుదించి గ్యాస్ అంటారు, అంతే. నాకింకా నోరు తిరగదు కాబట్టి ఇకమీదట పెట్రోలనే అంటాను.

లోపల ఉన్నదెంత

తోసుకుంటూ నడిచే మోవర్‌లో ఉండేది ఒంటి సిలిండర్ ఇంజన్. సైజు సాధారణంగా 140 నుంచి 190 సీసీ, అంటే మన ఊళ్లో తిరిగే 100 సీసీ బైకు ఇంజన్ కంటే పెద్దదే. దీని క్రాంక్ షాఫ్ట్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, నిలువుగా ఉంటుంది. దాని కింది కొసకే కత్తిని బోల్టుతో బిగిస్తారు. మధ్యలో గేర్లు లేవు, చాలావాటిలో క్లచ్చూ లేదు. ఇంజన్ తిరిగితే కత్తి తిరుగుతుంది, కత్తి దేనికైనా తగిలి ఆగితే ఇంజనూ అక్కడికక్కడే ఆగుతుంది. తాడుతో లాగేవాటికి బ్యాటరీ అక్కర్లేదు. పైనుండే ఫ్లైవీల్ అనే బరువైన చక్రంలో అయస్కాంతం ఉంటుంది, దాని పక్కనే తీగ చుట్టిన కాయిల్. తాడు లాగినప్పుడు అయస్కాంతం కాయిల్ పక్కనుంచి దూసుకుపోతుంది. ఆ ఊపులో పుట్టిన కరెంటే స్పార్క్ ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ అవుతుంది.

కాబట్టి స్టార్ట్ కాని మోవర్ దగ్గర చూడాల్సినవి మూడు: పెట్రోలు అందుతోందా, రవ్వ పడుతోందా, గాలి ఆడుతోందా. నాలుగోది కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టన్ గాలినీ పెట్రోలునీ నొక్కే ఒత్తిడి. అది తగ్గితే పెద్ద పనే, కానీ మూల పెట్టినంత మాత్రాన అది పోవడం అరుదు.

వీటికంటే ముందు చూడాల్సిన చిన్న విషయాలు కొన్నున్నాయి. ట్యాంకులో పెట్రోలు ఉందా? ప్లగ్గు మీది రబ్బరు టోపీ గట్టిగా కూర్చుందా? హ్యాండిల్‌కి ఆనించి పట్టుకునే ఇనప కడ్డీని పూర్తిగా నొక్కి పట్టామా? ఆ కడ్డీ వదిలేస్తే ఫ్లైవీల్‌కి బ్రేకు పడుతుంది, రవ్వ కూడా ఆగిపోతుంది. చెయ్యి వదిలిన 3 సెకన్లలో కత్తి ఆగి తీరాలన్నది 1982 నుంచి అమెరికాలో అమలవుతున్న నిబంధన. ఆ కడ్డీకి ఉన్న కేబుల్ సాగిపోయినా తుప్పు పట్టినా బ్రేకు సగం పట్టి ఉంటుంది, ఎంత లాగినా రవ్వ రాదు. చోక్ (చల్లటి ఇంజన్ లేవడానికి గాలిని తగ్గించే మీట) ఉంటే వేశామా, మెత్తని రబ్బరు బటన్ ఉంటే మూడుసార్లు నొక్కామా అన్నదీ చూడాలి. ఆ బటన్ పగిలి ఉంటే నొక్కుడు వల్ల పెట్రోలు కదలదు, గాలి కారుతుంది. నేను ఒకసారి అరగంట లాగాక చూస్తే ప్లగ్గు టోపీ పక్కన వేలాడుతోంది. ముందటి శరదృతువులో కత్తి విప్పినప్పుడు జాగ్రత్త కోసమని పీకింది నేనే.

రెండు సెకన్ల పరీక్ష

ఇక్కడ చాలామంది చేసే తప్పు, ఊహించి సామాన్లు కొనడం. కొత్త ప్లగ్గు, తర్వాత కొత్త ఫిల్టర్, ఆ తర్వాత కాయిల్. 60 డాలర్లు అయ్యాక కూడా ఇంజన్ అలాగే ఉంటుంది. దానికంటే ముందు ఒక చిన్న పరీక్ష చేస్తే సగం దారి తెలిసిపోతుంది.

ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బొరేటర్ గొంతులోకి స్టార్టింగ్ ఫ్లూయిడ్ ఒకే ఒక్కసారి, చిన్నగా కొట్టండి. ఫిల్టర్ పెట్టి తాడు లాగండి. ఇంజన్ గట్టిగా మొదలై రెండు సెకన్లలో చచ్చిపోయిందంటే, రవ్వ ఉంది, కంప్రెషన్ ఉంది, గాలి ఉంది. లేనిది పెట్రోలే. ఇక ప్లగ్గు జోలికీ కాయిల్ జోలికీ పోనక్కర్లేదు. అసలు దగ్గనే దగ్గకపోతే అప్పుడు రవ్వ వైపు చూడాలి. స్ప్రే మాత్రం అతిగా వాడొద్దు, అది ఈథర్, పెట్రోలు కంటే చాలా దురుసుగా అంటుకుంటుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, దగ్గర్లో మంట ఉన్నప్పుడు అసలు తీయనేవద్దు.

రవ్వ చూడటానికి ప్లగ్గు విప్పి ఇంజన్ ఇనుముకి ఆనించి తాడు లాగడం మనకి అలవాటైన పద్ధతే. కానీ ప్లగ్గు తీసిన రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి కొడుతుంది, అక్కడే రవ్వ పడితే భగ్గుమంటుంది. ప్లగ్గుకీ వైరుకీ మధ్య తగిలించే చిన్న టెస్టర్ పది డాలర్ల లోపే దొరుకుతుంది, అది కొనండి. టెస్టర్‌లో వెలుగు రాకపోతే, కాయిల్ మీద నిందేసే ముందు దానికీ కడ్డీకీ మధ్య ఉన్న సన్నని వైరు ఎక్కడైనా ఒరుసుకుని ఇనుముకి తగులుతోందేమో చూడాలి. ఆ వైరు ఇనుముకి తగిలితే మోవర్‌కి ఆగమని చెప్పినట్టే.

విప్పిన ప్లగ్గు కొస చాలా విషయాలు చెబుతుంది. లేత ఇటుక రంగులో ఉంటే ఆరోగ్యమే. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. తడిగా ఉంటే ఆ రబ్బరు బటన్ అతిగా నొక్కి ఇంజన్‌ని పెట్రోల్లో ముంచేశాం. పది నిమిషాలు ఆగి, చోక్ తీసేసి లాగితే లేస్తుంది. ఎండిపోయి పెట్రోలు వాసన కూడా లేకుంటే, పదిహేనుసార్లు లాగినా పెట్రోలు సిలిండర్ దాకా రాలేదన్నమాట. ఏప్రిల్లో చూసే ప్లగ్గుల్లో ఎక్కువ భాగం ఈ చివరి రకమే.

పాత పెట్రోలు కథ

మా నాన్న ఇక్కడికి వచ్చిన వేసవిలో నేను తాడుతో కుస్తీ పడుతుంటే కాసేపు చూసి, "పోయినేడు పోసిన పెట్రోలేనా?" అని ఒక్కటే ప్రశ్న అడిగారు. తెనాలి వైపు పొలంలో నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్‌తో పాతికేళ్లు వేగిన మనిషి. ఆయన అనుమానం సరైనదే. కాకపోతే ఇక్కడి పెట్రోలుకి ఇంకో గుణం కూడా ఉంది.

పెట్రోలు ఒకే పదార్థం కాదు, రకరకాల తేలిక, బరువు ద్రవాల కలగలుపు. చల్లగా ఉన్నప్పుడు త్వరగా అంటుకునేవి తేలికవే. మూల పెట్టినప్పుడు ముందు ఆవిరైపోయేవీ అవే. మిగిలినది నెలలు గడిచేకొద్దీ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా, చివరికి వార్నిష్ పూతలా మారుతుంది. చిన్న ఇంజన్ల తయారీదారులు పెట్రోలుని 30 రోజుల్లో వాడేయమనేది అందుకే.

దీనికి తోడు అమెరికాలో బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్లో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇండియాలోనూ ఇప్పుడు కలుపుతున్నారు, అక్కడ శాతం ఇంకా ఎక్కువ. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొంతవరకు ఆ నీళ్లని తనలో కలిపే ఉంచుకుంటుంది. హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకి దిగుతాయి. ఇంజన్ పెట్రోలు తాగేది ట్యాంకు అడుగు నుంచే. కార్బొరేటర్ గిన్నెలో అలా దిగిన తడి అల్యూమినియాన్ని తినేసి తెల్లటి పొడిలా పేరుకుంటుంది. గిన్నె విప్పినప్పుడు ఆ తెల్లపొడి కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

బంకులో కొన్నిచోట్ల 88 అని ఆక్టేన్ నంబరు (పెట్రోలు ముందే అంటుకోకుండా తట్టుకునే కొలత) రాసి, కాస్త చవగ్గా అమ్మే పెట్రోలు ఉంటుంది. అందులో ఇథనాల్ 15 శాతం. కొత్త కార్లకి పరవాలేదు గానీ మోవర్లలాంటి చిన్న ఇంజన్లకి దాన్ని పోయడం చట్టప్రకారమే కుదరదు. మరోవైపు, ఖరీదైన 93 పోస్తే మోవర్ బాగుంటుందనుకునేవాళ్లూ ఉన్నారు. ఆక్టేన్ ఎక్కువైతే పెట్రోలు ఎక్కువకాలం నిలవుంటుందని కాదు. 87 చాలు. డబ్బు ఖర్చు పెట్టాలనిపిస్తే కొన్ని బంకుల్లో ఇథనాల్ లేని పెట్రోలు దొరుకుతుంది, దానికి పెట్టండి.

ఇక అసలు ఇరుకు ఎక్కడంటే కార్బొరేటర్‌లో. ట్యాంకు నుంచి వచ్చిన పెట్రోలు ముందు చిన్న గిన్నెలో నిలుస్తుంది. గిన్నెలో తేలే బుడ్డి ఒకటి, మన ఫ్లష్ ట్యాంకులో ఉన్నట్టే, నిండగానే సూదిలాంటి వాల్వుతో దారి మూసేస్తుంది. గిన్నెలోంచి పెట్రోలు పైకెక్కేది జెట్ అనే ఇత్తడి ముక్కలోని రంధ్రం గుండా. ఆ రంధ్రం మిల్లీమీటరు కంటే సన్నం. కొన్నింటిలో మెల్లగా తిరిగేటప్పుడు పనిచేసే ఇంకా సన్నని రంధ్రం మరొకటి ఉంటుంది. చిటికెడు జిగురు చాలు అవి మూసుకుపోవడానికి. 400 డాలర్ల యంత్రాన్ని పడగొట్టేది ఆ చిటికెడే.

శుభ్రం చేయడం కష్టమేమీ కాదు, ఓపికుంటే చాలు. ప్లగ్గు వైరు పీకి పక్కన పెట్టాలి. ఇది ప్రతి పనికీ మొదటి మెట్టు. ట్యాంకు నుంచి వచ్చే పైపుని చిన్న క్లాంపుతో నొక్కి పట్టి, కార్బొరేటర్ కింది గిన్నెకున్న నట్టు విప్పండి. ముందే కింద ఒక పాత డబ్బా పెట్టుకోండి. కొన్ని పాత రకాల్లో ఆ నట్టే జెట్, దాని పక్కన కంటికి కనబడీ కనబడని రంధ్రాలుంటాయి. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే మూసుకుందో లేదో తెలుస్తుంది. కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టి, కరెంటు వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగుతో మెల్లగా గుచ్చండి. డ్రిల్లు బిట్టుతో గానీ గట్టి సూదితో గానీ గుచ్చకూడదు, రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు లెక్క మారిపోతుంది. స్ప్రే కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి సూటిగా కంట్లోకి చిమ్ముతుంది, అది నా అనుభవం.

రెండుసార్లు శుభ్రం చేసినా లేవకపోతే పట్టుదలకి పోకుండా కొత్త కార్బొరేటర్ వేయడం నయం. ఇంజన్ మీద రేకుపై కొట్టిన మోడల్, టైప్ నంబర్లతో వెతికితే కంపెనీది కానిది 20 డాలర్ల ప్రాంతంలో దొరుకుతుంది. మోవర్ పేరుతో కాదు, ఇంజన్ నంబరుతో వెతకాలి. మోవర్ ఒక కంపెనీది, ఇంజన్ ఇంకో కంపెనీది అవ్వడం ఇక్కడ మామూలు. మిల్వాకీలో 1908లో పుట్టిన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంజన్లు ఎన్ని రంగుల మోవర్లలో ఉన్నాయో లెక్కలేదు.

బుడ్డి సూది సరిగా మూసుకోకపోతే మరో ముప్పుంది. పెట్రోలు కారి కింద మడుగు కడితే కనిపిస్తుంది, మంచిదే. కనబడకుండా సిలిండర్లోకి, అక్కణ్ణుంచి ఇంజనాయిల్లోకి దిగితేనే ప్రమాదం. ఆయిల్ పుల్లని తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వేస్తుంటే ఇంజన్ నడపొద్దు. పలచబడ్డ ఆయిల్ లోహాన్ని కాపాడలేదు.

స్కూటరులా వంచితే

మా తరం వాళ్లకి ఒక అలవాటు. పొద్దున్నే స్కూటరు స్టార్ట్ కాకపోతే దాన్ని ఓ పక్కకి బాగా వంచి, లేపి, కిక్కు కొట్టేవాళ్లం. అది లేచేది. అదే చేత్తో మోవర్‌ని వంచితే తెల్లటి పొగతో వీధంతా నిండిపోతుంది.

ఆ పాత స్కూటర్లు రెండు స్ట్రోకులవి. ఆయిల్ పెట్రోల్లోనే కలిసి ఉండేది, ఇంజన్ అడుగున ఆయిల్ నిల్వ ఉండేది కాదు. మోవర్ నాలుగు స్ట్రోకులది. దీని కడుపులో అరలీటరు దాకా ఆయిల్ ఉంటుంది. అందుకే దీని పెట్రోల్లో ఆయిల్ కలపకూడదు కూడా. అంచులు కత్తిరించే ట్రిమ్మర్లలో చాలావాటికి కలపాలి, ఆ రెండు డబ్బాలూ తారుమారు కాకుండా పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోవాలి. మోవర్ కిందిభాగం శుభ్రం చేయడానికి వంచాల్సి వస్తే, కార్బొరేటర్, ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు ఆకాశంలోకి ఉండేలా వంచండి. తప్పు వైపు వంచితే ఆయిల్ ఫిల్టర్‌ని తడిపేస్తుంది, సిలిండర్లోకీ చేరుతుంది. కాస్త చేరితే స్టార్ట్ చేశాక ఐదారు నిమిషాలు పొగ వచ్చి పోతుంది. ఎక్కువ చేరితే తాడు రాయిలా బిగుసుకుంటుంది, ఎందుకంటే ద్రవాన్ని పిస్టన్ నొక్కలేదు. కంగారుపడి బలంగా లాగొద్దు. ప్లగ్గు విప్పేసి, రంధ్రం ముందు గుడ్డ అడ్డం పెట్టి, తాడు మెల్లగా లాగితే ఆయిల్ బయటికొస్తుంది. తడిసిన కాగితం ఫిల్టర్ మాత్రం పారేయాల్సిందే.

తెల్ల, నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోందని. ఆయిల్ మరీ ఎక్కువ పోసినా ఇదే పొగ. పుల్లని కొన్నింటిలో మరతిప్పి చూడాలి, కొన్నింటిలో ఊరికే ఆనించి చూడాలి. ఆ తేడా మాన్యువల్‌లో చూసుకోకపోతే మట్టం తప్పుగా తెలుస్తుంది. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ కాలుతోందని, అంటే చోక్ తెరుచుకోలేదు లేదా ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయింది.

నడుస్తూ నడుస్తూ

లేవని ఇంజన్ కంటే లేచి పేచీ పెట్టే ఇంజన్ ఎక్కువ విసిగిస్తుంది. అందులో అందరికీ తెలిసిన గొడవ, చప్పుడు పైకీ కిందికీ ఊగడం. స్పీడు అందుకుంటుంది, పడిపోతుంది, మళ్లీ అందుకుంటుంది. దీనికి చాలామంది గవర్నర్‌ని తప్పుపట్టి స్ప్రింగులు లాగుతారు. గవర్నర్ పని ఇంజన్ స్పీడుని ఒకే చోట నిలపడం. స్పీడు తగ్గగానే థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలీ పెట్రోలూ వెళ్లే తలుపు) తెరుస్తుంది, పెరగగానే మూస్తుంది. జెట్ సగం మూసుకుని పెట్రోలు చాలకపోతే స్పీడు పడుతుంది, గవర్నర్ తెరుస్తుంది, ఇంజన్ ఎగురుతుంది, గవర్నర్ మూస్తుంది, మళ్లీ పడుతుంది. గవర్నర్ తన పని తాను చేస్తోంది, దోషం జెట్‌ది. ఒక గుర్తు: చోక్ సగం వేస్తే చప్పుడు సర్దుకుందంటే పెట్రోలు తక్కువ అందుతోందని తేలిపోయినట్టే. జెట్ శుభ్రంగా ఉండి కూడా ఊగుతుంటే కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ప్యాకింగ్ చిరిగి అదనపు గాలి చొరబడుతోందేమో చూడాలి. గవర్నర్ స్ప్రింగులు మాత్రం ముట్టుకోవద్దు, హద్దు మీరిన స్పీడులో కత్తి బాంబులాంటిది.

రెండోది ఇంకా వింతగా ఉంటుంది. పదిహేను నిమిషాలు చక్కగా నడిచి ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్లీ లేస్తుంది, మళ్లీ పదిహేను నిమిషాలే. దీనికి కారణాలు రెండు. ట్యాంకు మూతలో గాలి పోవడానికి సన్నని రంధ్రం ఉంటుంది. అది మూసుకుంటే పెట్రోలు తగ్గేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు దిగదు. కొబ్బరిబోండానికి ఒకటే బెజ్జం పెట్టి వంచితే నీళ్లు ఎలా గుటకలు గుటకలుగా వస్తాయో అలాగన్నమాట. ఆగిపోయిన వెంటనే మూత వదులు చేసి లాగండి, లేస్తే మూత మార్చండి. లేవకపోతే ఆ వేడిలోనే టెస్టర్ పెట్టి రవ్వ చూడండి. వేడెక్కితే తీగ తెగి, చల్లారితే కలిసే కాయిల్ ఒకటుంటుంది. చల్లారాక పరీక్షిస్తే దొరకదు. దాన్ని మార్చేటప్పుడు ఫ్లైవీల్‌కీ కాయిల్‌కీ మధ్య సందు చాలా ఇంజన్లలో అంగుళంలో నూరో వంతు ఉండాలి. విజిటింగ్ కార్డు పెట్టి బిగించి కార్డు లాగేస్తే దాదాపు సరిపోతుంది.

దానంతటదే ముందుకు నడిచే మోవర్ అయితే, అది నడక మానేస్తే ముందు కేబుల్ బిగించి చూడాలి. తర్వాత బెల్టు మూత తీసి లోపల కుక్కుకుపోయిన ఎండుగడ్డి దులపాలి. చాలాసార్లు అంతటితో సరి.

కింద ఉన్న కత్తి

21 అంగుళాల కత్తి నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే దాని కొస గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంది. గడ్డిని కోసేది ఆ వేగమే. అందుకే మొద్దుబారిన కత్తితో కూడా ఏదో ఒకటి తెగినట్టే కనిపిస్తుంది. రెండు రోజులాగి చూస్తే గడ్డి కొసలన్నీ తెల్లగా, తర్వాత గోధుమ రంగుగా మారతాయి. గడ్డి తెగలేదు, చిరిగింది. నీళ్లు చాలడం లేదని స్ప్రింక్లర్ ఎక్కువసేపు పెట్టేవాళ్లని చూశాను. లోపం కత్తిది. దట్టమైన గడ్డిలో ఇంజన్ మూలుగుతోందంటే కూడా ముందు కత్తినే అనుమానించాలి.

కత్తి జోలికి పోయేముందు ప్లగ్గు వైరు పీకేయాలి. ఇంతకుముందు చెప్పినదే, మళ్లీ చెబుతున్నాను. ఇంజన్ ఆగి ఉన్నా కత్తిని చేత్తో తిప్పితే క్రాంక్ తిరుగుతుంది, రవ్వ పడుతుంది, ఒక్కసారి మండినా వేళ్లు మిగలవు. చెక్కముక్క అడ్డం పెట్టి బోల్టు విప్పండి. విప్పేముందు కత్తి ఏ వైపు కిందికి ఉందో ఫోటో తీసుకోండి, తిరగేసి బిగించి గంటసేపు గడ్డిని బాదినవాళ్లలో నేనొకణ్ణి. ఆకురాయితో గానీ గ్రైండర్‌తో గానీ పాత వాలుకే సానపట్టాలి, సుమారు 30 డిగ్రీలు. గ్రైండర్ అయితే ఆగి ఆగి పట్టాలి, అంచు నీలం రంగుకి తిరిగితే ఇనుము పస పోయినట్టే. గడ్డం గీసుకునేంత పదును అక్కర్లేదు, అలాంటి అంచు మొదటి గులకరాయికే వంగిపోతుంది. గోడకి కొట్టిన మేకుకి మధ్య రంధ్రంతో కత్తిని తగిలిస్తే రెండు వైపులా సమంగా నిలవాలి. ఒక వైపు దిగితే ఆ వైపు ఇంకాస్త అరగదీయాలి. బరువు తేడా ఉన్న కత్తి అంత వేగంలో ఇంజన్ బేరింగుల్ని తినేస్తుంది. సీజన్‌లో రెండుసార్లు సానపడితే చాలు.

కత్తి చెట్టు వేరుకో, ఇనప కొళాయి మూతకో తగిలి ఇంజన్ టక్కున ఆగిందనుకోండి. తర్వాత లేవడం లేదు, లేదా లాగుతుంటే తాడు చేతిలోంచి వెనక్కి గుంజుకుంటోంది. ఫ్లైవీల్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కుదురుగా నిలిపే చిన్న మెత్తని లోహపు కీ ఒకటుంటుంది. ఆ దెబ్బకి అది సగం తెగి ఫ్లైవీల్ వెంట్రుకవాసి జరుగుతుంది. అయస్కాంతం చోటు మారింది కాబట్టి రవ్వ తప్పు సమయంలో పడుతుంది. ఆ కీ ఐదు డాలర్లు కూడా ఉండదు, ఫ్లైవీల్ ఊడదీయడమే కాస్త ప్రయాస. కానీ కొత్త కత్తి వేశాక కూడా మోవర్ గజగజ వణుకుతుంటే షాఫ్టే వంగింది. అక్కడితో ఆపేయండి. దాని మీద ఇంకో డాలరు పెట్టడం దండగ, వంగిన షాఫ్ట్‌తో నడపడం ప్రమాదం.

గడ్డి ఎత్తు గురించి ఒక్క మాట. మా వైపు పెరిగే ఫెస్క్యూ, బ్లూగ్రాస్‌లని మూడు అంగుళాలకు తక్కువ కోయకూడదు. డాలస్ వైపు ఉన్న మనవాళ్ల బెర్ముడా గడ్డి అంతకంటే పొట్టిగానే బాగుంటుంది. ఏదైనా ఒక్క కోతలో మూడో వంతుకి మించి తీస్తే గడ్డికీ కష్టం, ఇంజన్‌కీ కష్టం.

ఇంత తంటా ఎందుకు, బ్యాటరీది కొంటే పోలా అని అడిగేవాళ్లకి నా దగ్గర వాదన లేదు. హోండా 2023లో అమెరికాలో పెట్రోలు మోవర్ల తయారీ ఆపేసింది. కాలిఫోర్నియాలో 2024 మోడల్ నుంచి అలాంటి చిన్న పెట్రోలు ఇంజన్లతో కొత్త మోవర్లు అమ్మకూడదన్న నిబంధన వచ్చింది. చిన్న పెరడైతే బ్యాటరీయే హాయి. కానీ గరాజులో ఉన్న పెట్రోలు మోవర్‌ని 20 డాలర్ల జబ్బుకి చెత్తబండి ఎక్కించడం మాత్రం నాకు మనసొప్పదు.

నవంబరు పని

ఆకులు రాలి, చివరి కోత అయ్యాక గంట కేటాయిస్తే ఏప్రిల్ శనివారం మిగులుతుంది. పెట్రోలు విషయంలో రెండు వర్గాలున్నాయి. స్టెబిలైజర్ కలిపి ట్యాంకు నిండా నింపమనేవాళ్లు ఒకరు, చుక్క లేకుండా ఖాళీ చేయమనేవాళ్లు ఇంకొకరు. స్టెబిలైజర్ పాడైన పెట్రోలుని బాగుచేయదు, తాజాదాన్ని నిలబెడుతుంది అంతే. కలిపాక పది నిమిషాలు ఇంజన్ నడిపితేనే ఆ మందు కార్బొరేటర్ దాకా చేరుతుంది. నేను రెండో పార్టీ. ఈ మోవర్ల ట్యాంకులు ప్లాస్టిక్‌వి, ఖాళీగా ఉన్నా తుప్పు పట్టవు. పాత పెట్రోలు డబ్బాలోకి తోడేసి, మిగిలినది ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపి, గిన్నె నట్టు కాస్త వదులు చేసి అడుగున మిగిలిన చెంచాడు కూడా కార్చేస్తాను. ఇదంతా బయటే. గరాజు తలుపు సగం తీసినా సరే, లోపల ఇంజన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి పాకుతుంది.

ఇంజన్ వెచ్చగా ఉండగానే ఆయిల్ మార్చాలి, అప్పుడే మురికి పలచబడి దిగుతుంది. ఏడాదికోసారి గానీ 50 గంటలకోసారి గానీ, ఏది ముందైతే అది. కొత్త మోవర్ అయితే మొదటి మార్పు చాలావాటిలో 5 గంటలకే. ఆయిల్ చిక్కదనం ఎస్ఏఈ 30 గానీ 10డబ్ల్యూ-30 గానీ, దాదాపు అరలీటరు. పాత ఆయిల్‌ని కాలవలో పోయొద్దు, చాలా ఆటో పార్ట్స్ షాపులు ఉచితంగా తీసుకుంటాయి. డెక్ (కత్తిని కప్పి ఉండే రేకు) అడుగున అట్టకట్టిన గడ్డిని చెక్క గరిటెలాంటి దానితో గీకేయాలి, తడి గడ్డి పట్టి ఉంటే రేకు లోపల్నుంచే చివికిపోతుంది. కాగితం ఫిల్టర్‌ని నేలకి తట్టి దులపడమే, కడగకూడదు, ఆయిల్ రాయకూడదు.

చివరగా ప్లగ్గు విప్పి, సిలిండర్లో చెంచాడు ఇంజనాయిల్ పోసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించండి. ఆ తర్వాత తాడుని మరోసారి, గట్టిగా తగులుతున్నట్టు చేతికి తెలిసేదాకా మాత్రమే లాగి వదిలేయండి. ఆ చోట వాల్వులు రెండూ మూసుకుని ఉంటాయి, చలికాలపు తేమ సిలిండర్లోకి దూరదు. ప్లగ్గు వైరు మాత్రం పీకే ఉంచండి. దాన్ని పీకిన సంగతి ఒక చీటీ మీద రాసి హ్యాండిల్‌కి కట్టండి.